గీతలు లేని వేలిముద్ర

అజైబా, మస్కట్
జనవరి 23

రజితా,

నేను బాగున్నాను. ఈ మాటతో మొదలయ్యే గల్ఫ్ ఉత్తరాలన్నీ అబద్ధాలేనని నువ్వంటావు. సరే, కన్ను తప్ప మిగతా ఒళ్ళంతా బాగుంది.

మొన్న ఫోన్లో కంట్లో దుమ్ము పడిందని చెప్పాను కదా. దుమ్ము కాదు. పోయిన నెల నుంచే కుడికంట్లో మెరుపులు మెరిసేవి, దోమలు ఎగిరినట్టు నల్ల చుక్కలు తిరిగేవి. సిమెంటు పనిలో ఇవన్నీ మామూలే అనుకుని, చన్నీళ్ళు కొట్టుకుని డ్యూటీకి పోయాను. తర్వాత ఒక పొద్దున ఆ కంటికి ఓ పక్క నుంచి నల్లటి తెర దిగడం మొదలైంది. మధ్యాహ్నానికి ఎదుట నిలబడ్డ సంజీవ్ ముఖంలో సగమే కనిపించింది. నా పక్క మంచం సంజీవ్, మన మల్లన్నపేట అతను, వాడే టాక్సీలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు.

కంటి వెనక రెటీనా అని ఒక పొర ఉంటుందట. గోడకు పెచ్చు ఊడినట్టు అది ఊడిందట. పద్దెనిమిదో తారీఖున ఆపరేషన్ చేసి అతికించారు. మళ్ళీ ఊడకుండా కంటి లోపల గ్యాస్ నింపారు. గ్యాస్ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి, నేను ముఖం నేలకు పెట్టి ఉంటేనే అది వెనకనున్న పొరను నొక్కి పట్టుకుంటుంది. సెంట్రింగ్ వాణ్ణి కదా, నాకు తొందరగానే అర్థమైంది. స్లాబ్ గట్టిపడేదాకా కింద కర్రలు తీయకూడదు.

రెండు వారాలు తిండి, స్నానం తప్ప మిగతా వేళంతా తల వంచుకునే ఉండాలి. సంజీవ్ సైట్ నుంచి ప్లైవుడ్ ముక్క తెచ్చి, ముఖం పట్టేంత రంధ్రం కోసి, నాలుగు కాళ్ళు కొట్టి బల్ల చేశాడు. దాని మీద బోర్లా పడుకుంటే రంధ్రంలోంచి నేల కనిపిస్తుంది. నేల మీద పుస్తకం పెట్టుకుని ఇది రాస్తున్నాను. ఎడమకన్ను సంగతి నీకు తెలుసు, చిర్రగోనె ఆటలో తగిలిన దెబ్బకు చిన్నప్పుడే మసకబారింది. దానికి పెద్దక్షరాలే అందుతాయి. అందుకే ఒక్క పేజీకి పది లైన్లు కూడా పట్టడం లేదు. ఫోన్ వెలుగు చూడొద్దన్నారు. నేను రాసినవి సంజీవ్ ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతాడు. నువ్వు మాత్రం కాగితం మీదే పెద్దగా రాసి, మన వైపు నుంచి వచ్చేవాళ్ళ చేతికివ్వు.

నా ముంజేతికి పచ్చటి ప్లాస్టిక్ కట్టు వేశారు. ఆసుపత్రి వదిలాక ఎవరైనా అలాంటివి కోసి పారేస్తారు, నేనూ కత్తెర అడిగాను. నరసాపురం వైపు నర్సమ్మ ఒకామె ఉంది, కృపాబాయి గారు. గట్టిగా అరిచింది. "తీయకండి బాబూ! అందులో ఏం రాసుందో తెలుసా? మీ కంట్లో గ్యాసుందని. రెండు నెలలు విమానం ఎక్కకూడదండి. పైకెళ్ళేకొద్దీ గ్యాసు ఉబ్బుద్ది, కన్ను లోపలే నలిగిపోద్ది. పోయిన ఏడు ఒకాయన చెప్పినా వినకుండా ఎక్కేశాడు. దిగేసరికి ఏమీ లేదు, చీకటే."

అమ్మకు ఇవేవీ చెప్పకు. నా ఫోన్ పగిలిందని చెప్పు. ఫోన్లో మాటలు ఆమెకు ఎలాగూ వినపడవు, నా ముఖం చూస్తేనే తృప్తి. ఇప్పుడు అదీ లేదు. నువ్వు రాసే ఉత్తరం కింద అమ్మతో వేలిముద్ర పెట్టించు. అది చూసుకుంటే నాకు మాట్లాడినట్టే ఉంటుంది.

గణపతి


నర్సింగాపూర్
జనవరి 29

బావా,

దుమ్మని ఒకసారి, ఫోన్ పగిలిందని ఒకసారి. అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. అత్తకు ఫోన్ పగిలిందని చెప్పాను. "కొత్తది కొనుక్కోడా? సంజీవ్‌ది లేదా? తొమ్మిదిమంది ఉంటరు గా రూముల, అందరియి పగిలినయా?" అంది. నీకు అమ్మ, నాకు మేనత్త, ఆ తెలివి నీకు రాలేదు, నాకూ రాలేదు.

నీ ఉత్తరం చదివి నేను బీడీలు చుట్టే చాటను పక్కన పెట్టేసి గడప మీద కూర్చున్నాను. కోపంతో ఏడుపొచ్చింది. నెల రోజులు మెరుపులు మెరిస్తే ఒక్కసారైనా నాతో అనలేదు. ఒక కన్ను మసక, రెండోది పోతే ఏమవుతావో ఆలోచించావా? సంగీతను హాస్టల్ మాన్పించి నీ చెయ్యి పట్టుకుని నడిపించమంటావా? నీ కూతురికి పదమూడేళ్ళు. అది నీ కర్ర కాదు.

తిట్టడం అయిపోయింది. ఇప్పుడు ఇంటి సంగతులు.

అత్తకు పాదాలు వాస్తున్నాయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. జగిత్యాల తీసుకుపోతే గుండె నీరసంగా ఉందని గోళీలిచ్చారు. గోళీలు మింగి మళ్ళీ బీడీలు చుట్టడానికి కూర్చుంటుంది. వద్దంటే వినదు. నలభై ఏళ్ళు తునికాకు రుద్ది రుద్ది ఆమె వేళ్ళు అరిగిపోయాయి. పోయిన నెల పింఛను మిషన్ మీద పది వేళ్ళూ పెట్టింది. ఒక్కటీ పట్టలేదు. ఆఖరికి కంటిపాప చూపిస్తే పట్టింది. "ఏలు అరిగినా కన్ను అరగలే" అని ఊరంతా చెప్పుకుంటూ తిరిగింది. నాకు మాత్రం ఆ మాట వింటే నువ్వే గుర్తొచ్చావు.

నీ కోసం బీడీల కార్ఖానా మున్షీ దగ్గర సిరా పెట్టె అడిగి తెచ్చాను. ఎందుకని అత్త అడిగితే, "నీ కొడుకు అడిగిండు, నీ యాదికి" అన్నాను. మనిషి ఎంత మురిసిందో. బొటనవేలు సిరాలో ముంచి, కాగితం మీద నొక్కి, ఊది ఊది ఆరబెట్టింది. తర్వాత నాతో ఏమందో అలాగే రాస్తున్నాను. "వాడికి రాయి. నీ బాపు పోయినప్పుడు ఫోన్ల చూసి ఏడ్సినవు. నేను పోతే గట్ల గాదు. నువ్వు అచ్చి కుండ పట్టాలె. మాటిచ్చినవు, యాది మర్వకు."

నేను రాయనంటే కొట్టేలా ఉంది. అందుకే రాశాను. ఈ ఉత్తరం ధర్మారం అతని చేతికి ఇస్తున్నాను, ఎల్లుండి మస్కట్ చేరతాడు. తల వంచుకునే ఉండు. పెళ్ళయిన పదిహేనేళ్ళకు నీ తల వంగింది, ఆ డాక్టర్‌కు దండం పెట్టాలి.

రజిత

(కింద అత్త వేలిముద్ర)


అజైబా
ఫిబ్రవరి 6

రజితా,

నీ తిట్లు అందాయి. అమ్మ వేలు అందింది.

ఒక వింత చెప్తాను. కుడికంట్లో గ్యాస్ నిండా ఉన్నప్పుడు నిలబడి చూస్తే ఏమీ తెలియదు, నీళ్ళలోంచి చూసినట్టు అంతా ఊగుతుంది. కానీ బోర్లా పడుకుని ఏదైనా ముక్కుకు ఆనేంత దగ్గరగా పెట్టుకుంటే, సన్నటి పోగు కూడా తాడంత లావుగా, స్పష్టంగా కనిపిస్తుంది. గ్యాస్ వల్ల అలా అవుతుందని కృపాబాయి గారు చెప్పారు. గ్యాస్ ఉన్నన్నాళ్ళే ఈ సౌకర్యం. కంటి మీది కట్టు విప్పిన రోజు నేను మొదట చూసింది ప్లైవుడ్ పీచులు. రెండోది అమ్మ వేలిముద్ర. నువ్వన్నది నిజమే, ఒక్క గీత లేదు. నున్నగా, గుండ్రంగా, అక్కడక్కడా చిన్న పగుళ్ళు. ఎంత సేపు చూశానో తెలియదు. అదే నా మందు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసి, కన్ను పనిచేస్తోందని తృప్తి పడుతున్నాను.

ఇక్కడ మెడ నొప్పి చెప్పలేను. నుదుటి మీద బల్ల అంచు గీసుకుని పుండయింది. నాలుగు గంటలకోసారి మందు చుక్కలు. ఫోర్‌మన్ కమ్రాన్ భాయ్ రోజూ డ్యూటీకి పోతూ తలుపు దగ్గర నిలబడి "సర్ నీచే, గణపతి భాయ్, సర్ నీచే!" అని, తల కిందికి పెట్టమని హిందీలో అరుస్తాడు. మంచివాడే. కంపెనీతో మాట్లాడి రెండు నెలలు రూమ్‌లో ఉండనిచ్చాడు. ఆ తర్వాత పనికి పనికొస్తేనే వీసా అన్నాడు. అందులో తప్పేముంది? ఒంటి కన్ను మసక మనిషిని ఆరో అంతస్తు ఎక్కించేది ఎవరు?

నిన్న చూపించుకోవడానికి పోయాను. పొర అతుక్కుంటోందట. ఇంకో రెండు వారాలు తల వంచుకునే ఉండమన్నారు. చేతికట్టు మాత్రం మార్చి మధ్య దాకా తీయరట.

అమ్మ ఆయాసం అన్నావు. అప్పటి నుంచి నాకు నిమ్మళం లేదు. విను రజితా, ఇది నవ్వులాటకు రాయడం లేదు. నాన్న పోయినప్పుడు నేను ఇక్కడి సమాయిల్‌లో పనిలో ఉన్నాను. ఖర్జూరం తోట గోడ పక్కన కూలబడి, ఈ చేత్తో ఫోన్ పట్టుకుని చూశాను. చిన్నాయన కొడుకు నిప్పు పెడుతుంటే, నెట్ ఆగిపోయి బొమ్మ అక్కడే నిలిచిపోయింది. ఆ బొమ్మ ఇప్పటికీ నా కళ్ళలోంచి పోలేదు. అమ్మకు మాటిచ్చాను. ఏదైనా అయితే నాకు వెంటనే చెప్పు. ఎవరు వద్దన్నా చెప్పు. కట్టు కోసేసి ఆ రోజే విమానం ఎక్కుతాను. కన్ను పోతే పోయింది. నాకు చెప్పకుండా దాస్తే మాత్రం ఈ జన్మలో నీ ముఖం చూడను.

గణపతి


నర్సింగాపూర్
ఫిబ్రవరి 9

తమ్ముడు సంజీవ్‌కు,

ఈ కాగితం ఫోటో తీసి నీ ఫోన్‌కు పంపుతున్నాను. ఫోన్ చేస్తే మీ బావ పక్కనే ఉంటాడు, నా గొంతు వింటే చాలు పట్టేస్తాడు. చదివి వెంటనే తీసేయి.

నిన్న తెల్లవారుజామున అత్త పోయింది. రాత్రి నుంచే ఊపిరి ఎగపోస్తోంది. అంబులెన్స్‌కు ఫోన్ చేశాను, వచ్చేలోపే అయిపోయింది. చివరిదాకా తెలివి ఉంది. "వాడు అచ్చిండా?" అని అడిగింది. "దార్ల ఉన్నడు అత్తా" అన్నాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే చెప్పాను. ఆ అబద్ధంతోనే ఆమెను పంపాను.

గల్ఫ్‌లో కొడుకులున్న ఇళ్ళల్లో ఏం చేస్తారో నీకు తెలుసు. తెల్లవారేసరికి పాలోళ్ళు, మీ బావ చిన్నాయన కొడుకులంతా, జగిత్యాలకు ఫోన్ చేసి ఫ్రీజర్ పెట్టె మాట్లాడారు. రెండు రోజులు పెట్టెలో ఉంచుదాం, గణపతి వచ్చేదాకా ఎత్తేది లేదన్నారు. నేను పెట్టె వద్దన్నాను. గణపతి రాడన్నాను. చెబితే ఎందుకు రాడని అడిగారు. చెబితే వస్తాడు కాబట్టే చెప్పనన్నాను. కన్ను సంగతి, గ్యాస్ సంగతి అన్నీ చెప్పాను. పాలోళ్ళ పెద్దాయన ఒకటే అన్నాడు: "ఆపరేషన్ మంచిగనే అయ్యిందంటివి. విమానంల కూసుంటే కన్ను పోతదా? గాలి తగిలితే దీపం ఆరిపోతది గని కన్ను ఆరిపోతదా?"

వాళ్ళకెలా చెప్పను సంజీవ్? మీ బావ మొన్న రాసిన ఉత్తరం నా ఫోన్లోనే ఉంది. కట్టు కోసేసి వస్తానని రాశాడు. ఆయన అన్నంత పనీ చేస్తాడు.

కొడుకుకు కబురైనా చెప్పకుండా మేం నిప్పు పెడితే అతనికే కీడని పాలోళ్ళెవరూ ముందుకు రాలేదు. సాయంత్రం దాకా శవం వాకిట్లోనే ఉంది. ఆఖరికి నేనే కుండ ఎత్తుకున్నాను. నన్ను పెంచిన మేనత్త. నా పెళ్ళిలో నాకు జడ వేసిన చేతులు. నేనే నిప్పు పెట్టాను. సంగీతను హాస్టల్ నుంచి పిలిపించాను. నాన్నకు చెప్పొద్దని పిల్ల చేత ఒట్టు వేయించుకున్నాను. తల్లినై పిల్లకు అబద్ధం నేర్పాను.

నీకు దండం పెడతాను, మూడు పనులు చెయ్యి. రూమ్‌లో అందరికీ చెప్పు, ఎవరి నోటా మాట జారకూడదు, ఎవరి ఫోన్‌లో ఆమె ఫోటో మీ బావకు కనిపించకూడదు. రెండోది, పదకొండో రోజు దాకా ఆయనకు మాంసం కూర పెట్టకండి, కంటికి వేడి చేస్తుందని చెప్పు. మూడోది, పద్దెనిమిదో తారీఖు పదకొండో రోజు. ఆ పొద్దున ఆయనకు గుండు చేయించు. జుట్టు చెమట కంట్లో పడుతుందని డాక్టర్ చెప్పాడను. కొడుకు చేయాల్సింది కొడుకుకు తెలియకుండానైనా జరగాలి.

తర్వాత ఆయన నన్ను చంపినా సరే. కళ్ళతో చూసి చంపితే చాలు.

రజిత అక్క


నర్సింగాపూర్
ఫిబ్రవరి 10

బావా,

ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు బాగున్నావని తలుస్తాను.

సెలవు అయిపోయి మన ఊరి ఇస్తారి రేపు బయలుదేరుతున్నాడు. అతను ఖురంలో పని చేస్తాడు కదా, అజైబా మీదుగానే పోతాడు కాబట్టి ఉత్తరం నీకే ఇచ్చిపోతాడు. తొందరలో రాస్తున్నాను. అత్త బాగుంది. పాదాల వాపు తగ్గింది. ఇప్పుడు ఆయాసం కూడా లేదు. ఎక్కువగా పడుకునే ఉంటోంది. నిన్ను అడుగుతూ ఉంటుంది.

సంగీత బాగా చదువుతోంది. చలి తగ్గింది. బీడీలకు ఆకు మంచిది రావడం లేదు.

టవర్ సరిగా లేదు, ఫోన్ చేసి దొరక్కపోతే కంగారు పడకు. నువ్వు తల వంచుకునే ఉండు. చుక్కలు మరవకు. పొర ఊడకుండా చూసుకో. నాకు ఇంకేమీ వద్దు బావా, నీ కన్ను చాలు.

అత్త వేలిముద్ర కింద పెట్టించాను.

రజిత

(కింద వేలిముద్ర)


అజైబా
ఫిబ్రవరి 20

రజితా,

ఇస్తారి పన్నెండో తారీఖు సాయంత్రం వచ్చి ఉత్తరం ఇచ్చాడు. నా ముఖం చూడకుండా ఇచ్చాడు. నాతో మాట్లాడేవాళ్ళందరూ నా వీపుతోనే కదా మాట్లాడాలి. పాపం, ఒక్క నిమిషం కూడా కూర్చోలేదు.

అమ్మ వేలిముద్ర చూసుకున్నాను. ఇక నుంచి ఆమెను ఇబ్బంది పెట్టకు. పడుకున్న మనిషిని లేపి, వేలికి సిరా పూసి, మళ్ళీ కడిగి, ఇదంతా ఎందుకు? ఉన్నవి చాలు.

గ్యాస్ సగానికి దిగింది. మట్టం చూసే బద్దలో బుడగ కదిలినట్టు కంట్లో ఒక గీత అటూ ఇటూ ఊగుతుంటుంది. గీతకు పైన వెలుతురు, కింద మసక. రోజుకింత పైభాగం పెరుగుతోంది.

పది రోజులుగా రూమ్‌లో కూర వండలేదు. వేడి చేస్తుందట. పప్పు, చారు. తొమ్మిదిమందికీ వేడి చేస్తుందేమో, అందరూ అదే తిన్నారు. కమ్రాన్ భాయ్ తలుపు దగ్గర అరవడం మానేశాడు. ఇప్పుడు లోపలికొచ్చి భుజం మీద చెయ్యి వేసి పోతున్నాడు. మొన్న పొద్దున సంజీవ్ మంగలిని రూమ్‌కే తీసుకొచ్చాడు. చెమట కంట్లో పడకుండా గుండు చేయించమని డాక్టర్ చెప్పాడట. నేను బల్ల మీంచి లేచి కూర్చున్నాను. తల వంచుకుని కూర్చోవడం అలవాటైపోయింది కదా. జుట్టంతా కాగితంలో చుట్టి సంజీవ్ సముద్రంలో వేసొచ్చాడు. చెత్తబుట్ట ఉండగా సముద్రం దాకా ఎందుకురా అని కూడా అడగలేదు.

మొన్న ఫోన్లో నీ గొంతు బొంగురుగా ఉంది. జలుబన్నావు. మందు వేసుకో. వేళకు తిను. నువ్వు తినవని నాకు తెలుసు. సంగీతను ఏమీ అనకు, చిన్న పిల్ల. దానికి ఏదైనా మనసులో పెట్టుకోవలసి వస్తే బరువు.

నా కోసం కంగారు పడకు. నేను ఎక్కడికీ పోను. కట్టు చేతికే ఉంది.

గణపతి


నర్సింగాపూర్
మార్చి 16

బావా,

నిన్న కృపాబాయి గారు నీ కట్టు కోసేశారని, గ్యాస్ పూర్తిగా పోయిందని సంజీవ్ చెప్పాడు. ఇరవై నాలుగున టికెట్ అని కూడా చెప్పాడు. ఇప్పుడు ఫోన్ చూడొచ్చు కాబట్టి ఇది ఫోటో తీసి నీకే పంపుతున్నాను. పక్కన సంజీవ్‌ను కూర్చోబెట్టుకుని చదువు.

అత్త లేదు బావా. ఫిబ్రవరి ఎనిమిదిన పోయింది. నెల దాటింది. ఆ తర్వాత నేను రాసిన ఉత్తరం అబద్ధం. కింద ఉన్న వేలు నాది.

నేనే కుండ పట్టాను, నేనే నిప్పు పెట్టాను. నీకు చెప్పొద్దన్నది నేనే, సంజీవ్‌ను, ఇస్తారిని, పిల్లను ఒట్లు పెట్టి ఆపింది నేనే. గుండు చేయించిందీ నేనే. వాళ్ళనెవరినీ ఏమీ అనకు.

ఊళ్ళో నాతో సరిగా మాట్లాడేవాళ్ళు లేరు. "మొగుని కన్ను కోసం అత్తను దిక్కులేని శవం జేసింది" అని కార్ఖానాలో నా ఎదుటే అన్నారు. నా చాట పక్కన ఎవరూ కూర్చోవడం లేదు. పదకొండో రోజు వంట చేస్తే పాలోళ్ళ ఇళ్ళ నుంచి ఇద్దరే వచ్చి తిన్నారు. మిగిలిన అన్నం కుక్కలకు పెట్టాను. ఇవన్నీ నీ జాలి కోసం రాయడం లేదు. నువ్వు వచ్చాక వేరేవాళ్ళ నోటి నుంచి వినేకంటే నా చేత్తో రాస్తే మేలని రాస్తున్నాను.

నాకు రోజూ ఒకటే గుర్తొస్తుంది. "వాడు అచ్చిండా?" అని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ దారిలో ఉన్నాడన్నాను. నేను నీ కన్ను సంగతి ఆమెకు చెప్పి ఉంటే ఏమనేదో. రావద్దనేదేమో. అననే అనకపోయేదేమో. అడగకుండా నేనే తీర్పు చెప్పాను.

దాస్తే ఈ జన్మలో నా ముఖం చూడనని రాశావు. చూడకపోయినా పరవాలేదు, చూడగలిగి చూడకపోతే చాలు. నేను తప్పు చేశానని అనుకోవడం లేదు. నువ్వు తప్పంటే మాత్రం పడతాను.

రజిత


అజైబా
మార్చి 18

రజితా,

పక్కన సంజీవ్‌ను కూర్చోబెట్టుకోలేదు. అవసరం లేదు. నాకు తెలుసు.

ఇస్తారి ఉత్తరం ఇచ్చిపోయిన సాయంత్రమే తెలిసింది. బల్ల మీద బోర్లా పడుకుని, రోజూ లాగానే వేలిముద్ర కంటికి ఆనించుకున్నాను. గీతలున్నాయి. దగ్గర దగ్గరగా, సుడి తిరిగి, తాళ్ళంత లావుగా. మధ్యలో అడ్డంగా ఒక తెల్లటి మచ్చ. ఆకు కత్తిరిస్తూ నువ్వు కత్తెరతో కోసుకున్నావే, మన పెళ్ళయిన ఏడు, నేనే గుడ్డ కట్టాను. ఆ మచ్చ. పక్కన పాత ఉత్తరం పెట్టుకుని మళ్ళీ చూశాను. మా అమ్మ వేలికి గీతలు లేవు.

ఇప్పుడు నేను రాయబోయేది నీకు కూడా తెలియదు. ఎవరికీ తెలియదు.

ఆ రోజు పన్నెండో తారీఖు. అమ్మ ఎప్పుడు పోయిందో లెక్క కట్టడం కష్టం కాలేదు. అంతకుముందు మూడు రోజుల నుంచే పప్పు మొదలైంది. పదకొండో రోజుకు ఇంకా చాలా టైముంది. మస్కట్ నుంచి హైదరాబాద్‌కు రోజూ విమానం ఉంది. అడిగితే కమ్రాన్ భాయ్ పాస్‌పోర్టు ఇప్పించేవాడు. మర్నాడు అందరూ డ్యూటీకి పోయాక లేచి సంజీవ్ పెట్టెలోంచి కత్తెర తీశాను. పచ్చ కట్టు కిందికి ఒక అంచు దూర్చాను. రూమ్‌లో ఎవరూ లేరు. నన్ను ఆపేవాళ్ళు లేరు. నువ్వు లేవు, డాక్టర్ లేడు, కృపాబాయి గారు లేరు.

కోయలేదు రజితా. కత్తెర మళ్ళీ పెట్టెలో పెట్టేసి, వెళ్ళి బల్ల మీద బోర్లా పడుకున్నాను.

భయమేసింది. గుడ్డివాడిగా బతకాలంటే భయమేసింది. ఇంతకంటే మర్యాదైన మాట వెతికాను, దొరకలేదు. కన్ను పోతే పోయిందని నీకు రాసినవాణ్ణి నేనే. అమ్మకు మాటిచ్చినవాణ్ణి నేనే. నీకు ఫోన్ చేసి ఒక్క మాట అడిగితే నువ్వు నిజం చెప్పేసేదానివి. చెబితే నేను రావాల్సి వచ్చేది. అందుకే అడగలేదు. నువ్వు దాచావన్న సాకు నాకు కావలసి వచ్చింది. ఆ చాటున నెలకు పైగా పడుకున్నాను.

గుండు రోజు కూడా నాకు తెలుసు. మంగలి కత్తి పెట్టేముందు మనసులో అమ్మ పేరు చెప్పుకున్నాను. సంజీవ్ నా వెనక నిలబడి ముక్కు ఎగపీలుస్తున్నాడు. వాడు నన్ను మోసం చేస్తున్నాననుకుని ఏడుస్తున్నాడు, నేను వాణ్ణి మోసం చేస్తూ కూర్చున్నాను. తల వంచి ఉంటే కన్నీళ్ళు చెంప మీదికి రావు, సూటిగా నేల మీద పడతాయి. బల్ల కింద తడి చూసి వాడు మందు చుక్కలు వృథా అవుతున్నాయని కోప్పడేవాడు.

అబద్ధం నీతో మొదలు కాలేదు. అమ్మకు చెప్పొద్దని మొదట నీకు నేర్పింది నేను. ఆమె చివరిదాకా నా ఫోన్ పగిలిందనే నమ్మి పోయింది. లేదా నమ్మలేదేమో, ఏమో.

కన్ను సంగతి రాయాలి కదా. పొర అతుక్కుంది. చదవగలను, నడవగలను. తిన్నటి గీత మధ్యలో వంకరగా కనిపిస్తుంది. సెంట్రింగ్ వాడికి గీత వంకరైతే ఇక పనేముంది? ఎత్తు మీదికి ఎక్కొద్దని కాగితం రాసిచ్చారు. వీసా అయిపోయింది. తిరిగి రానక్కరలేదు. ఇంత చేసి దక్కించుకున్న కన్ను ఇదీ.

నా చొక్కా జేబులో ఇప్పుడు రెండు ఉత్తరాలున్నాయి, ఒకటి నున్నటి వేలు, ఒకటి నీ వేలు. రెండూ తెస్తున్నాను. మొదటిది ఫ్రేము కట్టించు. రెండోది నాకు కావాలి.

ఈ ఉత్తరం ఫోటో తీసి పంపడం లేదు. రేపు మన మండలం అతను ఒకడు వస్తున్నాడు, కాగితమే అతని చేతికిస్తున్నాను, నాకంటే నాలుగు రోజులు ముందు నీకు అందుతుంది. నేను వచ్చేదాకా ఆగకు. పాలోళ్ళను వాకిట్లోకి పిలువు, కార్ఖానా వాళ్ళను కూడా పిలువు. పెద్దాయన చేతికిచ్చి గట్టిగా చదివించు. కోడలు చెప్పలేదు కాబట్టి కొడుకు రాలేదని వాళ్ళు ఊరంతా చెప్పారు. కొడుకుకు తెలుసు, టైముంది, అయినా రాలేదు. తిట్టాలనుకుంటే నన్ను తిట్టమను. నీ చాట పక్కన మళ్ళీ మనుషులు కూర్చోవాలి.

మొగుణ్ణి కాపాడుకోవడానికి నువ్వే రాసుకున్నావని వాళ్ళు అనొచ్చు. అందుకే కింద నా బొటనవేలు పెడుతున్నాను. ఇందాక కంటికి దగ్గరగా పెట్టుకుని చూశాను. గ్యాస్ లేదు కదా, మునుపటిలా లావుగా కనిపించడం లేదు. కానీ గీతలన్నీ ఉన్నాయి.

గణపతి

(కింద వేలిముద్ర)